పిల్లర్ నంబర్ మారితే ఇల్లు కదలదు: స్థలకాల సౌష్ఠవాలపై అపోహలు, వాస్తవాలు

మొన్న డిసెంబర్‌లో కూడా అదే జరిగింది. ఎమ్మెస్సీ రెండో ఏడాది అమ్మాయి ఒకరు భోజనాల వేళ నా గదికి వచ్చింది. చేతిలో నలభై పేజీల ప్రాజెక్టు. "సార్, ఐన్‌స్టీన్ సమీకరణాలకు కొత్త పరిష్కారం దొరికింది. పదార్థం ఏమీ లేదు, అయినా విశ్వం వ్యాకోచిస్తోంది" అంది. గొంతులో సంతోషం ఉంది, భయమూ ఉంది. నాలుగు నెలల పని అది.

మెట్రిక్ చూశాను, అంటే దగ్గరి బిందువుల మధ్య దూరాన్ని, కాలాన్ని చెప్పే సూత్రం. స్కేల్ ఫ్యాక్టర్ (విశ్వం ఎంత సాగిందో చెప్పే సంఖ్య) కాలంతో పాటు సూటిగా పెరుగుతోంది, ఒక్కో క్షణంలో స్థలానికి రుణ వక్రత ఉంది. అంటే మిల్న్ విశ్వం అని పేరున్న పాత పరిష్కారమే. కాలాన్ని హైపర్బాలిక్ కొసైన్‌తో గుణించి కొత్త కాలం అనుకోండి, హైపర్బాలిక్ సైన్‌తో గుణించి కొత్త వ్యాసార్థం అనుకోండి. రెండు లైన్ల లెక్క. బోర్డు మీద చేసి చూపించాను. వ్యాకోచం మాయమై మామూలు మింకోవ్‌స్కీ మెట్రిక్, అంటే గురుత్వం లేని చదునైన స్థలకాలం మిగిలింది. వక్రత సున్నా. "అంటే నాలుగు నెలలూ వృథానా సార్?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

హైదరాబాద్‌లో పదిహేడేళ్లుగా సాధారణ సాపేక్షత, అంటే ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం పాఠం చెబుతున్నాను. దాదాపు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇలాగే వస్తారు. పిల్లల తెలివికి లోటేమీ లేదు. నిరూపకాలు (స్థలానికీ కాలానికీ మనం వేసుకునే సంఖ్యలు) మారితే స్థలకాలం మారదన్న ఈ ఒక్క విషయాన్ని మొదటి రోజే గట్టిగా చెప్పేవాళ్లు లేక ఇలా అవుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మెట్రిక్ ఎలా రాసి ఉంటే స్థలకాలం అలా ఉంటుంది. పైగా సమీకరణాలు ఏ నిరూపకాల్లోనైనా ఒకేలా ఉంటాయి కాబట్టి సాధారణ సాపేక్షతలో అన్ని సౌష్ఠవాలూ ఉన్నట్టే.

రెండూ తప్పే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే కింద ఎవరి ఇల్లు ఎక్కడని అడిగినా పిల్లర్ నంబరే చెబుతారు. రేపు ఆ నంబర్లన్నీ చెరిపేసి కొత్తవి రాశారనుకోండి. ఇల్లు అంగుళం కూడా కదలదు. ఏ నంబర్‌కీ ఏ నంబర్‌కీ మధ్య ఎన్ని మీటర్లో చెప్పే పట్టిక మాత్రం మారుతుంది. నిరూపకాలు ఆ నంబర్లు. మెట్రిక్ భాగాలు ఆ పట్టిక. నంబర్లు మనకు నచ్చినట్టు వేసుకునే స్వేచ్ఛ ఏ రోడ్డుకైనా ఉంటుంది, అది రోడ్డు గుణం కాదు. సౌష్ఠవం వేరు. అన్ని పిల్లర్లనూ ఊహలో ఒక్కో స్థానం ముందుకు జరిపితే ప్రతి దూరమూ మునుపటిలాగే ఉండాలి, అప్పుడే సౌష్ఠవం ఉన్నట్టు. ఏదో ఒక కూడలి దగ్గర రెండు పిల్లర్ల మధ్య దూరం కాస్త ఎక్కువైతే చాలు, ఆ సౌష్ఠవం పోయింది.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎరిక్ క్రెచ్‌మాన్ 1917లోనే ఈ మాట అన్నాడు: కాస్త ఓపిక పడితే ఏ సిద్ధాంతాన్నైనా అన్ని నిరూపకాల్లో చెల్లేలా రాయొచ్చని. 1923లో ఎలీ కార్టాన్ న్యూటన్ గురుత్వాకర్షణనే అలా రాసి చూపించాడు. కాబట్టి ఆ గుణాన్ని చూసి సౌష్ఠవం ఉందని తేల్చకండి. సౌష్ఠవానికి పరీక్ష కిల్లింగ్ సమీకరణం. ఒక వెక్టర్ దిశలో జరిగితే మెట్రిక్ మారకపోవాలి, అంతే. నాలుగు మితుల్లో అలాంటి స్వతంత్ర వెక్టర్లు (వీటినే కిల్లింగ్ వెక్టర్లు అంటారు) గరిష్ఠంగా 10. మింకోవ్‌స్కీకి ఆ పదీ ఉన్నాయి. వ్యాకోచించే ఫ్రీడ్‌మాన్ విశ్వానికి మామూలుగా 6, తిరగని గోళాకార వస్తువు బయట ఉండే ష్వార్జ్‌షీల్డ్ స్థలకాలానికి 4, తిరిగే కెర్ కృష్ణబిలానికి 2. ఏ ప్రత్యేకతా లేని స్థలకాలానికి ఒక్కటీ ఉండదు. నిరూపకాలు మార్చి ఈ సంఖ్యను ఒక్కటి కూడా పెంచలేరు, తగ్గించలేరు.

పదార్థం లేకుండా విశ్వ స్థిరాంకం మాత్రమే ఉన్న డి సిట్టర్ విశ్వం దగ్గర ఈ పొరపాటు ఇంకో రూపంలో వస్తుంది. ఒక విధంగా రాస్తే స్కేల్ ఫ్యాక్టర్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, ప్రతిదీ కాలంతో మారుతున్నట్టుంటుంది. ఇంకో విధంగా రాస్తే కాలం ఎక్కడా కనిపించదు. రెండూ ఒకే స్థలకాలంలోని ప్రాంతాలు, కిల్లింగ్ వెక్టర్లు ఎలా చూసినా పదే. ఒకసారి వైవాలో ఒక కుర్రాడు కాలం కనిపించని ఆ స్టాటిక్ రూపం గురించి సరిగ్గానే చెప్పాడు. ప్రశ్న అడిగినాయన వ్యాకోచించే రూపమే నిజమని పట్టుబట్టి మార్కులు తగ్గించాడు. ఆ పిల్లవాడి ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఇక ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్థం, అంటే లోపలి కాంతి కూడా బయటికి రాలేని కృష్ణబిలం హద్దు (హొరైజన్). అక్కడ మెట్రిక్‌లో ఒక భాగం అనంతం అవుతుంది కాబట్టి స్థలకాలం చిరిగిపోతుందని ఇంకా రాస్తున్నారు. ఉత్తర ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ ఒకే బిందువులో కలుస్తాయి. అంతమాత్రాన అక్కడ నేల చిరగలేదు కదా. అది నిరూపకాల లోపమని 1933లో లెమైట్ర్ స్పష్టంగా చెప్పాడు. ఇందాకటి క్రెచ్‌మాన్ పేరుతోనే ఉన్న వక్రతా సంఖ్య అక్కడ పరిమితంగా ఉంటుంది, కేంద్రం దగ్గరే అనంతమవుతుంది. అయితే ఆ ఉపరితలం దగ్గర జ్యామితిపరంగా ఏమీ జరగదని అనుకోవద్దు. బయట కాలదిశలో ఉన్న కిల్లింగ్ వెక్టర్ నిడివి అక్కడ సున్నా అవుతుంది, లోపల అది స్థలదిశ అవుతుంది. లోపల ఎవరూ కదలకుండా నిలబడలేరనడానికి కారణం అదే. కెర్ విషయంలో ఆ నిడివి సున్నా అయ్యే చోటు, హొరైజన్ ఒకటి కావని 1968లో మన భౌతిక శాస్త్రవేత్త సి. వి. విశ్వేశ్వర చూపించాడు.

ఇలా మోసపోయామని కుంగిపోయే పిల్లలకు నేను 1936 నాటి సంగతి చెబుతాను. ఐన్‌స్టీన్, రోసెన్ కలిసి గురుత్వ తరంగాలు ఉండవని ఒక వ్యాసం రాసి ఫిజికల్ రివ్యూకు పంపారు. వాళ్ల లెక్కలో మెట్రిక్ ఒకచోట అనంతమైంది. అది నిరూపకాల లోపమేనని, పత్రిక తరఫున వ్యాసం చదివిన పరిశీలకుడు తెలిపాడు. ఐన్‌స్టీన్ కోపంతో వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. తర్వాత పొరపాటు గ్రహించి, తేల్చిన మాటే మార్చి, స్థూపాకార తరంగాల పరిష్కారంగా 1937లో వేరే పత్రికలో వేయించాడు. ఆ పరిశీలకుడు హెచ్. పి. రాబర్ట్‌సన్. సిద్ధాంతం కనిపెట్టిన మనిషికే సిద్ధాంతం వచ్చిన ఇరవై ఏళ్లకు ఇది జరిగింది. ఇరవై రెండేళ్ల పిల్లకు జరిగితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి ముందే ఎలా పట్టుకోవాలి? ప్రాజెక్టు మొదటి వారంలోనే వక్రతనంతా చెప్పే పూర్తి రీమన్ టెన్సర్ లెక్కించండి. ఇప్పుడు కంప్యూటర్‌తో నిమిషాల పని. అన్ని భాగాలూ సున్నా అయితే అది చదునైనదే, ఇక కథ లేదు. కానీ ఆ టెన్సర్ నుంచి తీసే వక్రతా సంఖ్యలు సున్నా వచ్చాయని మాత్రం చదునని రాసేయకండి. సమతల గురుత్వ తరంగాలకు ఆ సంఖ్యలన్నీ సున్నాయే, టెన్సర్ కాదు. తర్వాత ప్రతి నిరూపకం ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో పక్కనే రాసుకోండి. చాలామంది ఇది వదిలేస్తారు, సగం గొడవ అక్కడే. శూన్యంలో గోళ సౌష్ఠవం ఉన్న పరిష్కారం దొరికితే అది ష్వార్జ్‌షీల్డే అని బిర్కాఫ్ సిద్ధాంతం 1923 నుంచీ చెబుతోంది. దాన్ని కొత్తదని పంపకండి.

అపోహ: సూర్యుడు ఉన్నట్టుండి కృష్ణబిలం అయితే భూమిని లాగేస్తుంది.

ఇది వాట్సాప్‌లో తిరిగే సరుకు. విని విని విసుగొచ్చింది. కానీ నౌబత్ పహాడ్ మీద ప్లానెటేరియం బయట ఒక తల్లి నన్ను ఆపి, వీడియో చూసినప్పటి నుంచీ బాబు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని చెప్పినప్పుడు విసుగు పోయింది. బాబు పక్కన కూర్చుని చెప్పాను. బిర్కాఫ్ సిద్ధాంతం ప్రకారం, గోళంగా ఉన్న వస్తువు ఎంత కుంచించుకున్నా ద్రవ్యరాశి మారకపోతే బయటి జ్యామితి మారదు. సూర్యుడు 3 కిలోమీటర్ల వ్యాసార్థానికి కుదించుకుపోయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో భూమి అదే కక్ష్యలో తిరుగుతుంది. అసలు సూర్యుడికి కృష్ణబిలం అయ్యేంత ద్రవ్యరాశి లేదు. "అయితే చీకటి మాత్రం అవుతుందా?" అని అడిగాడు. అవుతుంది, కానీ అలా జరగదు నాన్నా అన్నాను.

అపోహ: శక్తి నిత్యత్వం ఎక్కడైనా చెల్లుతుంది. కాలదిశలో కిల్లింగ్ వెక్టర్ ఉంటేనే అలాంటి నిత్య శక్తి ఉంటుంది. వ్యాకోచించే మన విశ్వానికి అది లేదు. సుమారు 3000 కెల్విన్ల దగ్గర బయల్దేరిన తొలి కాంతి ఈ రోజు 2.7 కెల్విన్లకు చల్లబడింది, ఆ శక్తి ఎక్కడ దాక్కుందని వెతకాల్సిన పని లేదు. ప్రతి సౌష్ఠవానికీ ఒక నిత్య రాశి ఉంటుందని చెప్పే సిద్ధాంతాలను గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోయెథర్ 1918లో రాసింది కూడా ఈ చిక్కు నుంచే.

అపోహ: గురుత్వం అంటే రబ్బరు షీటులో పడిన గుంట. మన చుట్టూ వస్తువులు కింద పడటానికి ముఖ్య కారణం గడియారాలు ఎత్తును బట్టి వేరువేరు వేగాలతో నడవడం. జీపీఎస్ గడియారాలు రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వాటిని సరిచేయాలి. రబ్బరు షీటులో కాలమే లేదు.

అపోహ: కిల్లింగ్ అంటే చంపడం. కాదు. విల్హెల్మ్ కిల్లింగ్ జర్మన్ గణిత శాస్త్రవేత్త.

చివరిది, నాకు ఇష్టమైనది. సౌష్ఠవం అంటే కంటికి కనిపించే ఆకారమే అనుకుంటారు. కెర్ కృష్ణబిలానికి కిల్లింగ్ వెక్టర్లు రెండే కాబట్టి దాని చుట్టూ కణం దారిని పూర్తిగా గణించడం కుదరదనిపిస్తుంది. శక్తి, కోణీయ ద్రవ్యవేగం, కణం ద్రవ్యరాశి కలిపి మూడే నిత్య రాశులు, కావాల్సినవి నాలుగు. 1968లో బ్రాండన్ కార్టర్ నాలుగోది కనిపెట్టాడు. అది ఏ భ్రమణం నుంచీ రాదు, కిల్లింగ్ టెన్సర్ అనే దాగిన సౌష్ఠవం నుంచి వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు దీని మీదే పని చేస్తోంది. మిల్న్ లెక్కను కూడా మొదటి అధ్యాయంలో, ఎలా పొరబడిందో సహా ఉంచమన్నాను. ఉంచింది.