నల్ల నూడుల్స్ గిన్నె: అపోహలు - వాస్తవాలు

మాది పెనుకొండ దగ్గర పల్లె. 2019లో కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక మా వైపు కొరియా వాళ్ళ కోసం హోటళ్ళు, గెస్ట్‌హౌస్‌లు వచ్చాయి. అలాంటి ఒక వంటగదిలో ఉల్లిపాయలు తరగడంతో నా పని మొదలైంది. ఇప్పుడు కొరియాలోనే, ఇంచియాన్‌లో, పన్నెండు టేబుళ్ళ చిన్న హోటల్లో బాణలి దగ్గర నిలబడుతున్నాను. ఇలాంటి హోటల్‌ని ఇక్కడ 'జుంగ్‌గుక్‌జిప్' అంటారు, అంటే 'చైనా ఇల్లు'. కొరియా వాళ్ళ నోటికి తగ్గట్టు మారిన చైనా వంట ఇక్కడ దొరుకుతుంది. నల్ల సాస్‌తో జాజాంగ్‌మ్యోన్, ఎర్రటి పులుసుతో జాంపోంగ్, తీపి పులుపు సాస్‌తో వేయించిన పంది మాంసం తాంగ్‌సుయుక్. మా అమ్మకాల్లో ముప్పాతిక ఈ మూడే.

ఆదివారాలు తెలుగు పిల్లలు వస్తారు, ఎక్కువగా చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. హాల్లో తెలుగు వినపడితే నేను చేతులు తుడుచుకుని ఒకసారి బయటికి వస్తాను. వాళ్ళు అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. అందుకే వీటిని ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇది అసలు చైనీస్ కాదు, నకిలీ.

చైనాలో ఇలా ఉండదన్నది నిజం. నకిలీ అన్నది మాత్రం తప్పు. ఇంచియాన్ రేవు 1883లో విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది. మరుసటి ఏడాది చైనా వాళ్ళకి ఇక్కడ ఒక పేట కేటాయించారు. సముద్రానికి అవతలి ఒడ్డున చైనాలో ఉన్న షాన్‌డాంగ్ నుంచి వ్యాపారులు, కూలీలు వచ్చారు. వాళ్ళ వెంట వాళ్ళ ఊరి నూడుల్స్ కూడా వచ్చాయి. వేయించిన సోయా ముద్దని కొంచెంగా పైన వేసి, పక్కన కీరా ముక్కలు పెట్టుకుని కలుపుకునే వంటకం అది. గోధుమ రంగులో ఉంటుంది, ఉప్పగా ఉంటుంది. ఇక్కడికి వచ్చాక అందులో ఉల్లిపాయ, క్యాబేజీ దండిగా పడ్డాయి. తీపి చేరింది. నీళ్ళు, పిండి కలిపి సాస్‌ని జారుగా చేశారు. రంగు నల్లబడింది.

మన మంచూరియా సంగతి ఆలోచించండి. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1970లలో ముంబైలో చికెన్ మంచూరియన్ మొదలుపెట్టాడని చెబుతారు. ఈ రోజు అది లేని ఫాస్ట్‌ఫుడ్ బండి మన ఊళ్ళలో ఉందా? దాన్ని ఎవరూ నకిలీ అనరు, మన తిండి అంటారు. జాజాంగ్‌మ్యోన్ కొరియా వాళ్ళకి అలాంటిదే. కొరియా యుద్ధం తర్వాత అమెరికా సాయంగా గోధుమ పిండి బాగా వచ్చింది. 1960, 70లలో బియ్యం చాలక ప్రభుత్వమే గోధుమ పిండితో చేసినవి తినమని ప్రచారం చేసింది. అలా ఇది ఇంటింటి తిండి అయింది. చదువు పూర్తయి పట్టా పుచ్చుకున్న రోజు, ఇల్లు మారిన రోజు ఇక్కడివాళ్ళు ఇదే తెప్పించుకుంటారు. కొత్త ఇంట్లో గిన్నెలింకా అట్టపెట్టెల్లోనే ఉంటాయి, నేల మీద పాత పేపరు పరుచుకుని దాని మీద తినేస్తారు.

ఇంచియాన్ వస్తే చైనాటౌన్‌లో జాజాంగ్‌మ్యోన్ మ్యూజియం చూడండి. 2012లో తెరిచారు. ఒకప్పుడు గోంగ్‌హ్వాచున్ అనే హోటల్ నడిచిన భవనం అది. ఈ వంటకాన్ని హోటల్లో మొదట అమ్మింది వాళ్ళేనని చెప్పుకుంటారు. వంటగదిని, డెలివరీకి వాడిన ఇనుప పెట్టెల్ని అక్కడ పెట్టారు. నేను మూడుసార్లు వెళ్ళాను.

అపోహ: నల్లగా ఉంది కాబట్టి మాడిపోయింది, లేదా నల్ల చిక్కుళ్ళతో చేశారు.

రెండూ కావు. సాస్‌కి మూలం చున్‌జాంగ్ అనే ముద్ద. మామూలు సోయా గింజలు, గోధుమ పిండి, ఉప్పు కలిపి పులియబెడతారు. పులిసిన ముద్ద గోధుమ రంగులోనే ఉంటుంది. నలుపు వచ్చేది కారమెల్ వల్ల, అంటే పాకం పట్టి నల్లబరిచిన చక్కెర వల్ల. 1948లో మొదలైన ఒక కంపెనీ ఇలా కారమెల్ కలిపిన చున్‌జాంగ్‌ని సింహం గుర్తుతో అమ్మింది. కొరియా సాస్‌కి ఈ రంగు, ఈ తీపి అక్కడి నుంచే స్థిరపడ్డాయి.

డబ్బా తెరిచి వేలితో నాకి చూస్తే మీకు నచ్చదు. చేదు, వగరు, పచ్చి వాసన. మా పని అక్కడే మొదలవుతుంది. బాణలిలో ముద్ద మునిగేంత నూనె పోసి, సన్నటి మంట మీద ముద్దని వేయించాలి. ముందు అడుగున అంటుకుంటూ బరువుగా కదులుతుంది. గరిటె ఆపకూడదు. కాసేపటికి చిన్న చిన్న బుడగలు వస్తాయి, ముద్ద విరిగి ఇసుకలా గరగరలాడుతుంది, పచ్చి వాసన పోయి వేయించిన వేరుశనగల లాంటి వాసన వస్తుంది. అప్పుడే దించాలి. ఇంకో నిమిషం ఆలస్యమైతే చేదెక్కి ఆ పూట ముద్దంతా పారబోయాల్సిందే. నాకు ఈ ఒక్క పని చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పటికీ పొద్దున నేను దుకాణంలో అడుగుపెట్టగానే చేసే మొదటి పని ఇదే. ఇది చెడిందంటే ఆ రోజు ఎంత మంచి ఉల్లిపాయ వేసినా లాభం లేదు.

అపోహ: రేటు తక్కువంటే సరుకు నాసిరకం.

సియోల్‌లో జాజాంగ్‌మ్యోన్ సగటు ధర 2023లో 7,000 వోన్లు దాటింది. మన లెక్కలో నాలుగొందల రూపాయల పైమాటే, ఇక్కడి లెక్కలో చవక భోజనం. ఎలా గిట్టుతుందంటే, గిన్నెలో ఎక్కువ భాగం ఉల్లిపాయ, క్యాబేజీ, గోధుమ పిండి. మాంసం చిన్న ముక్కలే. సాస్‌ని పెద్ద బాణలిలో ఒకేసారి వండి పెట్టుకుంటాం. ఆర్డర్ వచ్చాక నూడుల్స్ ఉడికించి, పైన సాస్ పోసి ఐదు నిమిషాల్లో పంపిస్తాం. మధ్యాహ్నం గంటన్నరలో ఒక్కో టేబుల్ నాలుగుసార్లు నిండాలి. లాభం అందులోనే ఉంది. సరుకు తగ్గించడంలో లేదు.

ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే మెనూలో 'కాన్‌జాజాంగ్' చూడండి. వెయ్యి, రెండు వేల వోన్లు ఎక్కువ ఉంటుంది. దాన్ని మీ ఆర్డర్ వచ్చాకే అప్పటికప్పుడు వేయిస్తాం. నీళ్ళు, పిండి కలపం. సాస్ వేరే గిన్నెలో వస్తుంది. ఉల్లిపాయ ఇంకా కరకరలాడుతూ ఉంటుంది, పెద్ద మంట వాసన తెలుస్తుంది. ఆ వాసనని ఇక్కడ 'పుల్‌మత్' అంటారు, నిప్పు రుచి. ఒక హోటల్ వంటవాడి చేయి ఎలాంటిదో తెలుసుకోవాలంటే నేను అడిగేది కాన్‌జాజాంగే.

అపోహ: మాంసం తీసేయమంటే వెజ్ అయిపోతుంది.

దయచేసి దీన్ని జాగ్రత్తగా చదవండి. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది.

మొదటి ఏడాది, ఒక అమ్మాయి వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. "అన్నా, నేను శాకాహారిని, ఇక్కడ ఏమైనా తినొచ్చా?" అని అడిగింది. పంది మాంసం వేయకుండా విడిగా చేసి ఇస్తానన్నాను. చేశాను. రెండు నెలల తర్వాత తనే ఎక్కడో చదివి వచ్చి అడిగింది, "అన్నా, సాస్‌ని ఏ నూనెలో వేయించారు?" ఆ రోజు నేను చున్‌జాంగ్‌ని వేయించింది పంది కొవ్వులో. మాంసం ముక్కల గురించే ఆలోచించాను కానీ కొవ్వు గుర్తే రాలేదు. ఆ అమ్మాయి గట్టిగా ఒక్క మాట అనలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను క్షమాపణ చెప్పాను, అయినా తిన్నది తిన్నదే కదా. నమ్మి అడిగిన మనిషికి పూర్తిగా తెలుసుకోకుండా భరోసా ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా, తెలిసింది మొత్తం చెబుతున్నాను.

జాజాంగ్‌లో పంది మాంసం ముక్కలు మామూలుగా ఉంటాయి. చాలా చోట్ల పంది కొవ్వు వాడతారు, రుచి కోసం. ఆయిస్టర్ సాస్ పడుతుంది, అది ఆల్చిప్పల నుంచి వచ్చేది. జాంపోంగ్ పులుసుని కోడి ఎముకలతో గానీ, పంది ఎముకలతో గానీ కాస్తారు. పైన స్క్విడ్, ఆల్చిప్పలు, రొయ్యలు. వాటిని పక్కకు తీసి పులుసు తాగితే వెజ్ కాదు. కొన్ని హోటళ్ళలో బీఫ్ కూడా వేస్తారు కాబట్టి అది తిననివాళ్ళు కూడా అడగాలి. ముస్లిం సోదరులకి కూడా ఇదే మాట.

అడగాల్సినవి మూడు. నూనె ఏది, పులుసు దేనితో కాచారు, ఆయిస్టర్ సాస్ పడిందా. పంది కొవ్వుని 'త్వెజీ గిరుమ్' అంటారు, కాచిన పులుసు నీళ్ళని 'యుక్సు' అంటారు. ఈ రెండు మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రద్దీ సమయంలో అడిగితే సర్వర్ 'లేదు' అనేసి వెళ్ళిపోవచ్చు, అందుకే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళి వంటవాడినే అడగండి. ఒకే బాణలి, ఒకే గరిటె అన్నిటికీ వాడతామన్నది కూడా గుర్తుంచుకోండి. కచ్చితంగా పాటించేవాళ్ళకి నా సలహా ఒకటే, మామూలు జుంగ్‌గుక్‌జిప్‌లో తినకండి. మాంసం లేని జాజాంగ్ కొరియాలో లేకపోలేదు. కొన్ని బౌద్ధ ఆలయాల్లో వండి పంచుతారు, శాకాహార హోటళ్ళలో దొరుకుతుంది. దాని కోసం వెతకండి. 'చేసిక్' అంటే శాకాహారం.

సోయా, గోధుమ పడనివాళ్ళకి చున్‌జాంగే పడదు. రొయ్యలు పడనివాళ్ళు జాంపోంగ్ జోలికి వెళ్ళకండి.

అపోహ: కొరియా తిండి కాబట్టి కారం మండిపోతుంది.

జాజాంగ్‌లో కారమే లేదు. మనవాళ్ళు మొదటి ముద్దకి "చప్పగా ఉందన్నా" అంటారు. టేబుల్ మీద ఎర్ర కారప్పొడి డబ్బా ఉంటుంది, దాన్ని పైన చల్లుకోండి. ఇక్కడివాళ్ళూ చల్లుకుంటారు. పచ్చి ఉల్లిపాయ, పసుపు రంగు ముల్లంగి ఊరగాయ ఊరికే ఇస్తారు, ఎన్నిసార్లయినా అడగొచ్చు. ఉల్లిపాయ మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేసి, పక్కన పెట్టిన చున్‌జాంగ్‌లో అద్దుకుని తింటే నోరు తేలికపడుతుంది.

కారం జాంపోంగ్‌లో ఉంటుంది. నేను భయపడమనేది కారం గురించి కాదు, ఉప్పు గురించి. పులుసుతో సహా ఒక గిన్నె జాంపోంగ్‌లో సోడియం 4,000 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని కొరియా ఆహార భద్రత శాఖ లెక్కలు చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దు 2,000. బీపీ ఉన్నవాళ్ళు నూడుల్స్, ముక్కలు తిని పులుసు వదిలేయండి. గిన్నెలో పులుసు మిగిలితే మేము ఏమీ అనుకోం.

అపోహ: పసుపు రంగు నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది.

సాధారణంగా ఉండదు. పిండిలో క్షార ఉప్పు కొంచెం కలుపుతాం, సోడా జాతిది. దానివల్ల పిండి సాగుతుంది, లేత పసుపు రంగు వస్తుంది. గుడ్డు పడనివాళ్ళు మాత్రం కాన్‌జాజాంగ్ చెప్పేటప్పుడు అడగండి, కొన్ని చోట్ల పైన గుడ్డు వేయించి పెడతారు.

అపోహ: అజినోమోటో విషం.

మా వంటగదిలో వాడతాం, దాచను. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా కికునయె సముద్రపు నాచు పులుసు నుంచి దాన్ని వేరుచేశారు. టమాటాల్లో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లూటమేటే ఇది. చైనా హోటల్లో తింటే తలనొప్పి వస్తుందన్న మాట 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో పాకింది. తర్వాత చేసిన పరీక్షల్లో మామూలు మోతాదుకి అది స్థిరంగా రుజువు కాలేదు. ఒకేసారి చాలా ఎక్కువ తింటే కొందరికి ఇబ్బంది కలగొచ్చు. మీకు పడదనిపిస్తే చెప్పండి, కాన్‌జాజాంగ్‌లో వేయకుండా చేయగలను. మామూలు జాజాంగ్‌లో కుదరదు, సాస్ ముందే సిద్ధమై ఉంటుంది.

అపోహ: ఒక్కరే వెళ్తే కూర్చోనివ్వరు, టిప్ ఇవ్వాలి.

కొరియాలో మాంసం కాల్చుకునే హోటళ్ళలో ఇద్దరికి తక్కువ ఆర్డర్ తీసుకోని చోట్లున్నాయి. మా దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఒక్కరే వచ్చి పది నిమిషాల్లో తిని వెళ్ళేవాళ్ళే సగం మంది. టిప్ ఆచారం ఇక్కడ లేదు. రెండూ తినాలనిపిస్తే 'జామ్‌జామ్యోన్' అడగండి, మధ్యలో గోడ ఉన్న గిన్నెలో సగం జాజాంగ్, సగం జాంపోంగ్ వస్తాయి. ఆకలి ఎక్కువగా ఉంటే 'గొప్‌బెగి' అనండి, కొంచెం ఎక్కువ డబ్బుకి పెద్ద గిన్నె ఇస్తాం.

అపోహ: తింటుంటే సాస్ నీళ్ళలా అయిందంటే నీళ్ళు కలిపి మోసం చేసినట్టు.

ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. మొన్న ఒక తమ్ముడు సగం తిన్న గిన్నె తెచ్చి చూపించాడు. అడుగున సాస్ చారులా ఉంది. అతని పక్కనే కూర్చున్న స్నేహితుడి గిన్నెలో సాస్ చిక్కగానే ఉంది. రెండూ నేను ఒకే బాణలి నుంచి పోసినవే.

సాస్ చిక్కబడేది పిండి వల్ల. మన ఉమ్మిలో పిండిని విడగొట్టే ఎంజైమ్ ఉంది, అమైలేజ్. చాప్‌స్టిక్స్ నోట్లో పెట్టి మళ్ళీ గిన్నెలో పెట్టినప్పుడల్లా, కొరికిన నూడుల్స్ వెనక్కి జారినప్పుడల్లా అది సాస్‌లో కలుస్తుంది. నెమ్మదిగా, మాట్లాడుకుంటూ తింటే ఎక్కువ కలుస్తుంది. కూరగాయలు వదిలే నీరు కూడా తోడవుతుంది. కాన్‌జాజాంగ్‌లో పిండి కలపం కాబట్టి అంతగా పలచబడదు.

చేయాల్సింది చిన్న పని. గిన్నె రాగానే రెండు చేతుల్లో రెండు పుల్లలు పట్టుకుని, అడుగు నుంచి పైకి ఎత్తుతూ ఇరవై ముప్పై సార్లు కలపండి. తెల్లటి నూడుల్స్ ఒక్కటి కూడా కనపడకూడదు. ఆలస్యం చేస్తే నూడుల్స్ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇక విడిపోవు. ఫొటో తీసుకోవాలనుకుంటే కలిపాక తీసుకోండి. ఆ తమ్ముడికి ఇంకో గిన్నె ఇచ్చి, పక్కన నిలబడి కలిపి చూపించాను. ఈసారి మాటలు పక్కన పెట్టి తిన్నాడు, అడుగున సాస్ చిక్కగానే మిగిలింది. దాంట్లోకి కొంచెం అన్నం పెట్టమని అడిగాడు.