‘పాజిటివ్’ అన్న మాటకు బెంగపడనక్కరలేని చోట

నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు తమ అమ్మగారి బయాప్సీ రిపోర్టు నకలు పంపించారు. మెదడు పొర మీది గడ్డను పూర్తిగా తీసేశామని డాక్టరు చెప్పినా, రిపోర్టు చివరన ‘పి.ఆర్. పాజిటివ్’ అని ఉండడంతో ఇంటిల్లిపాదీ దిగులుపడుతున్నారట. కరోనా తరువాత పాజిటివ్ అన్న మాట వింటేనే గుండె జారుతున్న మాట నిజమే కాని, ఇక్కడ అది చాలావరకు ఊరటనిచ్చే మాట.

ఈ గడ్డకు మెనింజియోమా అన్న పేరు పెట్టినది అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్, 1922లో. ఉద్దానం కొబ్బరికాయలో పెంకును కపాలమనుకుంటే, కొబ్బరికీ పెంకుకూ నడుమ అంటుకొని ఉండే పలుచని పొర వంటి చోట ఇది పుట్టి, మెదడును బయటి నుంచి నొక్కుతూ ఏళ్ళ తరబడి పెరుగుతుంది. మూర్ఛ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి, స్కానింగులో ఇట్టే తేలిపోయే దానికి విలువైన కాలం పోగొట్టుకునే కుటుంబాలు మన పల్లెలలో ఇంకా ఉన్నాయి.

పురుషుల కంటే స్త్రీలలో ఇది దాదాపు రెట్టింపు కనిపిస్తుంది కనుక హార్మోన్ల మీద అనుమానం పాతదే. వెతికి చూస్తే, ఈస్ట్రోజెన్ గ్రాహకాలు (ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్లు) తక్కువగానూ, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు సుమారు పదింట ఏడు గడ్డలలోనూ కనిపించాయి. పి.ఆర్. (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) అంటే ఈ రెండవదే. ప్రొజెస్టెరాన్ కణపు పొరను దాటి లోపలికి వచ్చి గ్రాహకానికి అతుక్కోగానే, దానిని అంతవరకూ పట్టి ఉంచిన తోడు ప్రోటీన్లు విడిపోతాయి. గ్రాహకాలు రెండేసి జతకట్టి, డీఎన్ఏ మీద తమకు సరిపడే చోట్లను పట్టుకొని కొన్ని జన్యువులను నడిపిస్తాయి, కొన్నింటిని ఆపుతాయి. ఈ గ్రాహకాన్ని గుర్తుపట్టే యాంటీబాడీని గడ్డ ముక్క మీద వేసి రంగు తెప్పిస్తే, సూక్ష్మదర్శినిలో సుడులు తిరిగిన కణాల నడుమ, గ్రాహకమున్న కేంద్రకాలు గోధుమ రంగులోనూ, లేనివి నీలంగానూ కనిపిస్తాయి.

పుట్టిన పొర పోలికలు పోని గ్రేడ్ 1 గడ్డలలో ఈ గోధుమ రంగు తరచుగా కనిపిస్తుంది. అదుపు తప్పి విభజన చెందే గ్రేడ్ 3 గడ్డలలో చాలావరకు మాయమవుతుంది. చెన్నైకి కూలికి వెళ్ళిన మన జిల్లా మనిషిని అక్కడి రైల్వే స్టేషనులో ఎవరైనా ‘ఏటి బావా, ఎల్తన్నావా?’ అని పలకరిస్తే చప్పున వెనుదిరుగుతాడు. ఆ తిరగడమే అతనిని మంచివాడిగా ఉంచడం లేదు. ఊరి వాసన ఇంకా పోలేదని మాత్రం తెలుపుతుంది. పిలిచినా తిరగని వాడంతా చెడ్డవాడూ కాడు, అందుకే పి.ఆర్. నెగెటివ్ అయిన గ్రేడ్ 1 గడ్డలూ ఉంటాయి. ఇక అతని చెవులు మూసినంత మాత్రాన ఊరికి తిరిగి వస్తాడా? ప్రొజెస్టెరాన్ గ్రాహకాన్ని అడ్డగించే మిఫెప్రిస్టోన్ మందును, శస్త్రచికిత్సకు లొంగని మెనింజియోమా ఉన్న 164 మంది మీద పరీక్షించగా, డమ్మీ మాత్ర కంటే మేలు కనిపించలేదని 2015లో ప్రకటించారు.

అలాగని పిలుపు కణాలకు పట్టనే పట్టదనీ కాదు. సైప్రొటెరోన్ అనే కృత్రిమ ప్రొజెస్టెరాన్‌ను పెద్ద మోతాదులో ఏళ్ళపాటు వాడిన స్త్రీలలో పుట్టిన గడ్డలు చాలావరకు, మందు మానగానే పెరగడం ఆపి, కొన్ని కుంచించుకుపోయాయి కూడా. మూడు నెలలకొకసారి మన ఆరోగ్య కేంద్రాలలో వేసే గర్భనిరోధక ‘అంతర’ ఇంజెక్షన్‌లోని అటువంటిదే అయిన మెడ్రాక్సీప్రొజెస్టెరోన్‌ను ఏడాదికి మించి వాడిన వారిలో, శస్త్రచికిత్స అవసరమైన మెనింజియోమా ముప్పు 5.6 రెట్లని 2024లో ఒక ఫ్రెంచ్ అధ్యయనం చెప్పింది. అసలే అరుదైన జబ్బు కనుక అన్ని రెట్లయినా సంఖ్య చిన్నదే, ఇంజెక్షన్ వేయించుకునే వారంతా హడలిపోనక్కరలేదు. కాని ఇప్పటికే ఈ గడ్డ ఉన్నదని తెలిసిన స్త్రీ ఆ సంగతిని ఏ.ఎన్.ఎం.కు ముందే చెప్పి తీరాలి.

నరసన్నపేట పాఠకుడికి నేను రాసినది ఇంతే: పి.ఆర్. కంటే ముందు రిపోర్టులో గ్రేడ్ చూడండి, గడ్డ అంటుకున్న పొరను కూడా తీశారో లేదో సర్జన్ గారిని అడగండి. ఎంత మేరకు తీశారన్న దానిని బట్టి గడ్డ తిరిగి వచ్చే అవకాశం మారుతుందని శస్త్రవైద్యుడు డొనాల్డ్ సింప్సన్ 1957లోనే చూపించారు. మీ అమ్మగారిది గ్రేడ్ 1. పొర సంగతి డిశ్చార్జి కాగితంలో లేదు.