పంపు ధర అడుగుతారు, సెట్ల ధర అడగరు

రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం ఇన్సులిన్ పంపు. దానికోసం వచ్చే పెద్దవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే: "మేడమ్, ఎంతలో వస్తుంది?" నెలకు ఎంతవుతుందని అడిగినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా నా గొంతు అరిగింది ఇక్కడే.

అపోహ: ఒకసారి లక్షలు పోసి కొంటే చాలు.

వాస్తవం: అది మొదటి ఖర్చు మాత్రమే. పంపు నుంచి ఇన్సులిన్‌ను లోపలికి చేర్చడానికి ఒంటికి అంటించుకునే ఇన్ఫ్యూజన్ సెట్‌ను రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మూడు రోజుల లెక్కన చూసినా ఏడాదికి 120 సెట్ల పైనే. పంపులో ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు, షుగరు చూస్తుండే సెన్సర్లు వేరే. మన దేశంలో చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఇటువంటి పరికరాలకు డబ్బు ఇవ్వవు. ఏజెంటు నోటిమాట నమ్మకుండా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

నలభై దాటిన టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని డయాబెటిస్) పేషెంటు ఒకాయన భార్య నగలు కుదువపెట్టి పంపు కొన్నారు. మూడు నెలలు షుగరు చక్కగా ఉంది. ఆ తర్వాత ఒక్కో సెట్‌ను ఆరు రోజులు లాగారు. ఒకరోజు తెల్లవారుజామున వాంతులు. ముందురోజు తిన్న పెళ్ళి భోజనం అనుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి షుగరు 400 దాటింది, ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, కీటోన్లు, నిండుగా ఉన్నాయి. పంపులో పోసేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. సెట్‌లో చర్మం కింద ఉండే సన్నగొట్టం, కాన్యులా, మూసుకుపోతే ఆదుకోవడానికి ఒంట్లో రోజంతా నెమ్మదిగా పనిచేసే బేసల్ ఇన్సులిన్ ఉండదు, కొన్ని గంటల్లోనే కీటోన్లు పేరుకుంటాయి. పంపు ఉండగా ఎందుకని ఆయన ఇంట్లో ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నులు కూడా ఉంచలేదు. అన్ని రోజులు ఎందుకు లాగారంటే, "అమ్మాయి కాలేజీ ఫీజు, మేడమ్" అన్నారు. కోప్పడడానికి నాకు నోరు రాలేదు.

మిగతావి గబగబా చెబుతాను. పంపుకు ఆపరేషన్ అక్కర్లేదు, అది ఒంటి బయటే ఉంటుంది. పిల్లలకు మాత్రమే అన్నదీ తప్పే. దానంతట అదే అంతా చూసుకుంటుందన్న ప్రచారం ఎవరు పుట్టించారో గాని, సెన్సర్‌తో కలిసి పనిచేసే కొత్త పంపుల్లో చాలావాటికి కూడా మీరు తినబోయే కార్బ్ (పిండిపదార్థం) ఎంతో చెప్పాలి.

"లండన్‌లో మా మేనల్లుడికి ఊరికే ఇచ్చారు" అంటారు కొందరు. నిజమే, కాని అక్కడా అడిగినవారందరికీ ఇవ్వరు. సెన్సర్‌తో కలిసి పనిచేసే పంపుల మీద 2023 డిసెంబరులో, ఏ చికిత్స ఎవరికి ఇవ్వాలో అక్కడి ప్రభుత్వ వైద్య సేవకు చెప్పే నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, టైప్ 1 ఉన్న పెద్దవారికి చికిత్స సరిగా సాగుతున్నా హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 7.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, లేదా బతుకును కుదేలు చేసే హైపోలు, అంటే షుగరు మరీ పడిపోవడాలు, వస్తుండాలి. పైగా అమలుకు అయిదేళ్ళు గడువు పెట్టుకున్నారు.

నగలు కుదువపెట్టి కొన్న ఆయన పంపు ఇప్పుడు బీరువాలో ఉంది. ఆయన పెన్నులతోనే నెట్టుకొస్తున్నారు. కిందటి వారం ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అందులో నెలకు పది సెట్లు, రిజర్వాయర్లు, ఒక పక్కన పెన్నులు, కీటోన్ స్ట్రిప్పులు, అన్నిటి ధరలూ రాసుకున్నారు. అమ్మాయి చదువు వచ్చే ఏడాది అయిపోతుందట.