పంటు వెనక్కి రాకపోతే

"మా అమ్మాయికి ఎనిమిదో నెల. రాత్రయ్యేసరికి అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. దద్దుర్లు మాత్రం లేవు. ఇరుగుపొరుగు వేడి చేసిందంటున్నారు. డాక్టరమ్మేమో బైల్ యాసిడ్స్ పరీక్ష రాశారు. చేతుల దురదకీ లివరుకీ ఏమిటండీ సంబంధం?" అని మామిడికుదురు నుంచి ఒక తల్లి అడిగారు.

జవాబు కోసం సఖినేటిపల్లి రేవు దాకా వెళ్దాం. వశిష్ఠ గోదావరికి ఇటు సఖినేటిపల్లి, అటు నరసాపురం. మధ్యలో తిరిగే పంటు మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ ఎక్కించుకుని, ఆవల దింపి, మళ్ళీ వస్తుంది. దాటేవాళ్ళు ఎందరున్నా కాసిని పంట్లే సరిపోతాయి, తిరిగొస్తాయి కాబట్టి. కాలేయం (లివరు) తయారుచేసే పైత్యరసంలో ఉండే బైల్ యాసిడ్లూ మన ఒంట్లో అలాంటి పంట్లే.

బడిలో మనకి నేర్పింది ఒక్కటే ముక్క: పైత్యరసంలో ఎంజైములు ఉండవు. ఒక మార్కు బిట్టు. ఎంజైములు లేని ఆ రసం మరి ఏం చేస్తుందో తీరిగ్గా చెప్పినవాళ్ళు లేరు, నాకు ఇప్పటికీ అదే బాధ. నూనె నీళ్ళలో కలవదు కదా. బైల్ యాసిడ్ అణువుకి ఒక ముఖం నీటితో, రెండోది కొవ్వుతో కలుస్తుంది. అలాంటివి కొన్ని గుంపుకట్టి కొవ్వు ముఖాల్ని లోపలికి తిప్పుకుంటే మిసెల్ అనే బుల్లి పంటు తయారు. పులస పులుసులోని కొవ్వు, ఎ, డి, ఇ, కె విటమిన్లు అందులో ఎక్కి పేగు గోడ దగ్గర దిగిపోతాయి. బైల్ యాసిడ్లు అక్కడ దిగవు. చిన్నపేగు చిట్టచివరి దాకా సాగి, తమ కోసమే ఉన్న గేటులోంచి రక్తంలోకి వెళ్ళి, పోర్టల్ సిర మీదుగా మళ్ళీ కాలేయం చేరుకుంటాయి.

లెక్క చూడండి. ఒంట్లో ఉన్నవన్నీ కలిపినా సుమారు 3 గ్రాములు, చెంచాడు ఉప్పు కన్నా తక్కువ. అవే రోజుకి ఆరు నుంచి పది సార్లు తిరిగి 20, 30 గ్రాముల పని చేస్తాయి. ప్రతి ట్రిప్పులో నూటికి 95కి పైగా వెనక్కొస్తాయి. మలంలో పోయేది రోజుకి అర గ్రాము. కాలేయం కొత్తగా కట్టేదీ అంతే.

కట్టే కలప ఏమిటో తెలుసా? కొలెస్ట్రాల్! 27 కార్బన్లున్న ఆ దుంగ మీద సివైపి7ఎ1 అనే ఎంజైము మొదటి ఉలిదెబ్బ వేస్తుంది. మరికొన్ని చెక్కుళ్ళయ్యాక 24 కార్బన్ల కోలిక్, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాలు వస్తాయి. వాటికి గ్లైసిన్ గానీ టారిన్ గానీ తగిలిస్తే నీటిలోకి దిగడానికి సిద్ధం. ఎన్ని కట్టాలో చెప్పేది ఆవలి రేవు. పేగు కణాల్లోని ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకం వచ్చిన పంట్లని గుర్తుపట్టి, ఎఫ్‌జిఎఫ్19 అనే హార్మోను ద్వారా "చాలు, ఇక కట్టకు" అని కాలేయానికి కబురు పంపుతుంది. ఆ గ్రాహకానికి తాళంచెవి బైల్ యాసిడ్లేనని 1999లో తేలింది. సబ్బులాంటిదనుకున్నది కబుర్లు కూడా మోస్తోంది! కొలెస్టిరమైన్ అనే మందు చేసే పని కూడా ఇక్కడే. పేగులో పంట్లని పట్టేసి బయటికి పంపేస్తుంది. కొత్తవి కట్టుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కోక తప్పదు.

శీలావతి, అంటే రోహు చేప, మనలా 24కి తగ్గించకుండా ఆ 27 కార్బన్లనీ అలాగే ఉంచుకుంటుంది. దాని పైత్యరసంలోని సిప్రినాల్ మనకి విషం. చేప కోసేటప్పుడు చేదు తిత్తి పగలకుండా తీసి పారేస్తాం కదా, షుగరు తగ్గుతుందని దాన్నే పచ్చిగా మింగేవాళ్ళున్నారు. వాంతులతో మొదలై, కాలేయం దెబ్బతిని, మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. దయచేసి మింగకండి.

ఇప్పుడు దురద సంగతి. ఈవలి రేవులోనే, అంటే కాలేయం దగ్గరే, పంట్లు ఆగిపోతే? నాళంలో రాయి అడ్డుపడొచ్చు, లేదా కాలేయ కణంలోంచి వాటిని బయటికి తోసే పంపు మందగించొచ్చు. కణాల పొరలు కూడా కొవ్వుతో కట్టినవే కనుక, కొవ్వుని విడగొట్టే గుణం కాలేయం మీదకే తిరుగుతుంది. గాయపడి, మచ్చకడుతుంది. మిగిలినవి రక్తంలోకి పొర్లుతాయి, దురద మొదలయ్యేది అప్పుడే. మలానికి రంగునిచ్చేదీ పైత్యరసంతో వచ్చే పదార్థమే. రెండు వారాలు దాటినా పసిబిడ్డకి కామెర్లు తగ్గక, మలం సుద్దలా తెల్లగా ఉంటే పసరు మందంటూ తిరగకండి. పిత్తనాళం మూసుకుపోయిన బిడ్డకి 60 రోజుల లోపు ఆపరేషన్ చేస్తేనే ఫలితం బాగుంటుంది.

అమ్మా, మీ అమ్మాయి విషయానికొస్తే, కాన్పు దగ్గరపడే నెలల్లో పెరిగే హార్మోన్లు కొందరిలో ఆ పంపుని మందగింపజేస్తాయి. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్ళు దురద పెట్టడం దాని గుర్తు. వేడి చేసిందని మజ్జిగ ఇచ్చి ఊరుకోవద్దు. పరీక్షలో రక్తంలోని బైల్ యాసిడ్లు లీటరుకి 40 మైక్రోమోల్స్ దాటితే తీవ్రమైనట్టు. 100కి చేరితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు పెరుగుతుంది, అందుకే కాన్పు ముందుకు జరుపుతారు. అంకె మారుతూ ఉంటుంది, డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా పరీక్ష మళ్ళీ చేయించండి. పురుడొచ్చాక దురద త్వరలోనే పోతుంది. రెండో కాన్పులో మళ్ళీ రావచ్చు, ఆ రిపోర్టులు పారేయకుండా దాచి ఉంచండి.