పత్తి విత్తు చేజారింది, మరి వరి విత్తు?

తొలకరి పడగానే రాజాం, రామభద్రపురం ఎరువుల కొట్ల దగ్గర పత్తి విత్తనాల బేరం మొదలవుతుంది. బీటీ పత్తి, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే పత్తి, పేకెట్టు 450 గ్రాములుండేది. కొన్నేళ్ల కిందటి వరకూ దానితోపాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి ఇచ్చేవారు. అది నాన్ బీటీ, ఆ విషం లేని పత్తి. చేను చుట్టూ వరుసలుగా దాన్ని వేస్తే, కొన్ని పురుగులు విషం తినకుండా బతుకుతాయి. విషాన్ని తట్టుకున్న పురుగులు వాటితో జతకడితే మొండి సంతానం తొందరగా పెరగదు. లెక్క బాగానే ఉంది. కానీ ఎకరం, అరెకరం కమతాల్లో పురుగుకి అయిదు వరుసలు ఎవరు రాసిస్తారు? మా వైపు ఆ పొట్లం చాలాసార్లు గట్టు మీదే ఉండిపోయేది. చివరికి రెండు రకాల గింజలనూ ఒకే సంచిలో కలిపి, 475 గ్రాములు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఈలోగా గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిపోయింది.

జీఎం విత్తనాల, అంటే బయటి జన్యువు చొప్పించిన విత్తనాల తగువు అనగానే అందరూ పురుగు, విషం, ఆరోగ్యం గురించి మాట్లాడతారు. అవి చిన్న విషయాలు కావు. నన్ను పట్టి పీడించేది మాత్రం వేరే ప్రశ్న: వచ్చే ఏటి విత్తనం ఎవరింట్లో ఉంటుంది?

మన జిల్లాల్లో ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. పొందూరు ఖాదీ నూలుకి వాడింది కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి. పింజ పొట్టి, దిగుబడి తక్కువ. వాలుగ చేప దవడ పళ్లతో దూదిని దువ్వి, ఇనుప కడ్డీ దొర్లించి గింజను వేరు చేసేవారు. ఆ గింజనే మళ్లీ నాటుకోవచ్చు, తల్లి చెట్టు లాంటి చెట్టే వస్తుంది. గోగు అయినా, చోడి అయినా అంతే. బూడిద కలిపి కుండలో పోసి మూతి కడితే విత్తనం ఖర్చు అక్కడితో సరి.

2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి వేల ఎకరాల్లో బయటపడింది. మరుసటి ఏడాది మార్చి 26న కేంద్రంలోని జన్యు సాంకేతిక అనుమతుల కమిటీ మహికో-మోన్‌శాంటో విత్తన కంపెనీ వారి జన్యువున్న మూడు హైబ్రిడ్‌లకు (రెండు రకాలను సంకరం చేసి పుట్టించిన విత్తనాలకు) పచ్చజెండా ఊపింది. మట్టిలో ఉండే ఓ బాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పిస్తే మొక్కే కాయతొలుచు పురుగును చంపే విషాన్ని తయారుచేసుకుంటుంది. ఆ మూడు రకాలూ మన రాష్ట్రంలో దెబ్బతిన్నాయి. 2005లో వాటికి ఇక్కడ అనుమతి పొడిగించలేదు. అయితే వేరే హైబ్రిడ్‌లలో అదే జన్యువు వచ్చి నిలదొక్కుకుంది. పురుగుమందు పిచికారీ కొన్నేళ్లు నిజంగానే తగ్గింది, అది ఒప్పుకోవాలి.

ఇక్కడ ఓ మెలిక ఉంది. ఇతర దేశాల్లో బీటీ పత్తి చాలావరకూ మామూలు రకాల్లో వచ్చింది. మన దేశంలో హైబ్రిడ్‌లలో వచ్చింది. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ వేస్తే పంట ఒక్కతీరుగా రాదు. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్‌లో రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా అని ఉంది. హక్కు కాగితం మీద పదిలంగానే ఉంది, పత్తి రైతుకి దాచుకోవడానికి గింజే లేదు. పత్తిలో అసలు తాళం పేటెంటు కాదు, హైబ్రిడ్.

(మా ఊళ్లో మొక్కజొన్న విత్తనాన్నీ జీఎం అనేవాళ్లున్నారు. కాదు. అది ఉత్త హైబ్రిడ్. మన దేశంలో సాగుకి చట్టబద్ధంగా అమ్ముతున్న జీఎం పంట ఇప్పటికీ పత్తి ఒక్కటే.)

ధర మీద గొడవకి దిగింది మన రాష్ట్రమే. 450 గ్రాముల పేకెట్టు 1,600 రూపాయలు దాటితే, అందులో 1,250 దాకా జన్యువుకి కట్టే రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కి ఎక్కింది. కమిషన్ రుసుము తగ్గించమంది, రాష్ట్రం పేకెట్టుకి 750 రూపాయలని ధర కట్టింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధర మీద సొంత చట్టం చేసుకుంది. 2015 చివర కేంద్రం ఆ పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. 2016లో రుసుము 49 రూపాయలకి దిగింది, 2020లో సున్నా అయింది.

పేటెంటు కథ మరీ విచిత్రం. మన పేటెంట్ల చట్టం 3(జె) ప్రకారం మొక్కకి, విత్తనానికి పేటెంటు లేదు. మరి విత్తనం లోపలి జన్యువుకి? మోన్‌శాంటో, నూజివీడు సీడ్స్ ఈ ప్రశ్న మీదే ఢిల్లీ హైకోర్టులో తలపడ్డాయి. 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరపమంది. ఆ ఏడాదే పేటెంటు గడువు తీరిపోయింది. 2021లో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే మిగిలింది.

బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. జీఎం ఆవాల అనుమతి మీద 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో మాట చెప్పారు. ఆవాలు మనకి పోపులోకే గనుక మా వైపు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

వరి అలా కాదు. 2025 మే నెలలో కేంద్రం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. బాపట్లలో పుట్టిన సాంబమసూరి నుంచి 'కమల', మార్టేరులో పుట్టిన 1010 రకం నుంచి 'పూసా డీఎస్టీ రైస్ 1'. రెండింటి తల్లులూ తెలుగువే. వీటిలో బయటి జన్యువు లేదు, ఉన్న జన్యువునే కత్తిరించారు. ఇలాంటివాటికి జీఎం నిబంధనలు చాలావరకూ వర్తించవని కేంద్రం 2022లోనే మినహాయింపు ఇచ్చేసింది. పైగా ఇవి హైబ్రిడ్‌లు కావు. గింజ దాచి వేస్తే అదే రకం వస్తుంది. అంటే పత్తికి పడిన తాళం వీటికి పడదు. కానీ ఆ కత్తిరించే క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. పత్తి కేసులో తేలని ప్రశ్న ఈసారి దాచుకోగల గింజ మీదికి వస్తుంది. ఆ కత్తెర వాడుకకి ఎవరు ఎవరికి ఎంత కడతారు, ఆ భారం విత్తనం ధరలో కలుస్తుందా, రైతుకి ముందే తెలియాలి.

రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఇలాంటి కాగితాలేవీ లేకుండానే ఒక కళ్లం నుంచి మరో కళ్లానికి నడిచి వెళ్లాయి. మొన్న నూర్పులయ్యాక మా ఇంట్లో విత్తనానికి తీసిన 1061 రకం వడ్ల బస్తా మూతి కుట్టాం. పక్కింటి బాబాయికి అందులో నాలుగు కుంచాలు బదులిస్తామని అమ్మ అప్పుడే మాటిచ్చేసింది.