పాత కారు సెల్ఫ్ ఎత్తకపోతే: బ్యాటరీ కనెక్షన్లపై అపోహలు - వాస్తవాలు

అంబాసిడర్లను, ప్రీమియర్ పద్మినిలను, ఒకప్పుడు ఈ ఊళ్లోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులను ఇప్పటికీ అపురూపంగా చూసుకునే తెలుగు కుటుంబాలు చెన్నైలో ఉన్నాయి. అలాంటి బండ్ల ఎలక్ట్రికల్ పని చేసే నాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒక్కటే: తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు బరువుగా తిరుగుతుంది, లేదా టక్కుమని ఆగిపోతుంది. దానికి కారణంగా చెప్పే మాటల్లో నిజం కొంతే ఉంటుంది.

అపోహ: టక్కుమంటే బ్యాటరీ పోయినట్టే, కొత్తది వేస్తే సరి.

ఆ చప్పుడు సొలెనాయిడ్‌ది, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చుది. అది కదలడానికి తక్కువ కరెంటు చాలు. ఇంజన్‌ను తిప్పే మోటారుకు మాత్రం 150 నుంచి 200 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు పారేటప్పుడు దారిలో ఒక్క కనెక్షన్ 0.01 ఓము నిరోధం చూపినా 1.5 నుంచి 2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. కొత్త బ్యాటరీ వేశాక బండి కొన్నాళ్లు చక్కగా స్టార్టు అవుతుంది కదా అంటారు. బ్యాటరీ మార్చేటప్పుడు టెర్మినళ్లను విప్పి, గీకి, బిగించారు కాబట్టి అయింది. పేరు మాత్రం బ్యాటరీకి దక్కింది.

అపోహ: బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టులు చూపిస్తోంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి వైరింగులో లోపం లేదు.

హెడ్‌లైటు ఒక్కొక్కటి తీసుకునేది నాలుగైదు ఆంపియర్లే. నూరు పోగుల కేబులులో నాలుగు పోగులు మిగిలినా అది వెలుగుతుంది. లోపం బయటపడాలంటే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడే కొలవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న వైరును విప్పి, పక్కవారిని తాళం తిప్పమనండి. మీటరు ఒక మొనను, బాడీకి కలపని వైపు బ్యాటరీ పోస్టు సీసం మీద, అంటే క్లాంపు మీద కాకుండా పోస్టు మీదే ఆనించి, రెండోదాన్ని సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టాలి. మోటారు తిరుగుతుండగా అక్కడ 0.5 వోల్టు దాటితే ఆ దారిలో లోపం ఉన్నట్టే. ఎర్త్ వైపు, అంటే బాడీకి కలిపిన వైపు కూడా పోస్టుకూ ఇంజన్ లోహానికీ మధ్య ఇలాగే చూడాలి; 0.3 దాటకూడదు. ఈ రెండూ బాగుండి, బ్యాటరీ పోస్టుల మధ్యే వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు.

అపోహ: ఎర్త్ వైరు ఎలా ఉన్నా ఫరవాలేదు, బాడీ అంతా ఇనుమే కదా.

నా చేతికి వచ్చే బండ్లలో ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, కాబట్టి దానికీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ తప్పనిసరి. ఇంజన్ దించి బోరు చేయించినప్పుడు ఆ పట్టీని తిరిగి బిగించడం మరిచిపోవడం మామూలే. అప్పుడు కరెంటు చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబులును పట్టుకుంటే చేయి కాలుతుంది. ఆ ఒక్క గుర్తుతోనే రోగం తేలిపోతుంది. హెరాల్డులో ఛాసిస్ వేరు, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ వేరు కాబట్టి ప్రతి అతుకూ తుప్పుకు అవకాశమే. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉప్పుగాలిలో నిలిపే బండ్లకు ఈ బెడద మరింత ఎక్కువ. పెయింటు వేయించిన బండ్లలో ఎర్త్ బోల్టు కింద రంగు పూసేసి ఉంటారు. దాన్ని మెరిసే లోహం కనిపించేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు పూయాలి.

అపోహ: టెర్మినల్ మీది పొడిని వేడినీళ్లతో కడిగితే చాలు.

పైన కనిపించే తెల్లటి, నీలిపచ్చ పొడి సోడా ఉప్పు నీళ్లతో పోతుంది (ఆ నీళ్లు సెల్లులలోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి). కనిపించనిది కేబులు తొడుగు లోపల ఉంటుంది. చివర కాస్త తొడుగు ఒలిచి చూడండి: రాగి పోగులు నల్లబడి, విరిస్తే పుటుక్కున తెగుతుంటే ఆ కేబులుకు కాలం చెల్లినట్టే. కొత్తది కొనేటప్పుడు లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్న చవక సరుకు కాకుండా అసలైన రాగి, కనీసం 25 చదరపు మిల్లీమీటర్లది, చివర నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) లగ్గుతో, అంటే బోల్టుకు తగిలించే లోహపు కొసతో తీసుకోవాలి. పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత కేబులు చవకగా దొరుకుతుందని ఆశపడకండి.

అపోహ: బాడీకి వచ్చేది ఎప్పుడూ నెగటివే.

బ్రిటిష్ నమూనాల నుంచి వచ్చిన కొన్ని పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బాడీకి కలిపేది పాజిటివ్ టెర్మినల్‌ను. బ్యాటరీ పెట్టే ముందు ఆ సంగతి చూసుకోండి.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడదీస్తే చార్జింగ్ ఉందో లేదో తెలుస్తుంది.

ఆల్టర్నేటర్ అమర్చిన బండిలో ఇలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు కాలిపోవచ్చు. ఇంజన్‌ను కాస్త రేజు చేసి బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపించాలి, పరీక్ష అంతే. టెర్మినళ్లు విప్పాల్సి వస్తే ఇంజన్ ఆపి, ముందుగా ఎర్త్ వైపుది తీయాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించాలి. ఎర్త్ తీయకుండా రెండో పోస్టు మీద స్పానరు తిప్పుతుంటే, అది బాడీకి తగిలిన మరుక్షణం స్పానరు ఎర్రగా కాలుతుంది. చేతికి ఉంగరమో స్టీలు గడియారమో ఉంటే అదీ కాలుతుంది.