మందు మీద మందు: మెడికల్ షాపు కౌంటర్ నుంచి అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఫార్మసిస్టుని, చుట్టూ పీజీలే, వచ్చేవాళ్లలో మన తెలుగోళ్లు బోలెడు మంది, నిద్ర మాత్ర, నొప్పి మాత్ర, ఆల్కహాల్ కలపడం గురించి రోజూ వినే మాటలే రాస్తున్నా.

అపోహ: "పెగ్గులు ఎనిమిదింటికే అయిపోయాయి అన్నా, నిద్ర మాత్ర పన్నెండింటికి, గ్యాప్ ఉందిగా."

వాస్తవం: లేదు తమ్ముడూ. ఆల్‌ప్రజోలామ్ అనే నిద్ర మాత్ర ఒంట్లోంచి సగం దిగడానికే దాదాపు 11 గంటలు, డయాజిపామ్‌కైతే ఒకట్రెండు రోజులు. నిన్నటి మాత్ర ఇంకా లోపలుండగానే ఇవాళ్టి పెగ్గు పడుతోంది.

అపోహ: "మా ఇంట్లో మందు అలవాటే లేదండీ, మాకేం భయం."

వాస్తవం: నాకు ఎక్కువ భయం వీళ్లతోనే. మొన్న ఒకబ్బాయి వాళ్లమ్మగారి మందుల కవరు కౌంటర్ మీద గుమ్మరించాడు, ఆమెకి మోకాలి ఆపరేషన్ అయిందట, ఎముకల డాక్టర్ రాసిన నొప్పి మాత్ర ట్రమడాల్, ఊళ్లో డాక్టర్ నిద్రకిచ్చిన స్ట్రిప్పు, ఇంకెవరో తాగగా మిగిలిన కోడీన్ దగ్గు సిరప్. ఆ స్ట్రిప్పు మీద పేరు కత్తెరకి తెగిపోయి 'జోలామ్' అన్న తోకే మిగిలింది (ఇది మా షాపుల పాపమే, ఒప్పుకుంటా). ఒక డాక్టర్ చీటీ ఇంకో డాక్టర్ చూడలేదు. నిద్ర మాత్ర, ట్రమడాల్, కోడీన్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మందు, ఆల్కహాల్, ఏ రెండు కలిసినా మెదడులో ఊపిరిని నడిపించే చోటు మొద్దుబారిపోవచ్చు. ఇలాంటి నిద్ర మాత్రలు, ఓపియాయిడ్‌లు కలపడం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే మందుతో వచ్చే కాగితం మీద నల్ల గీతల పెట్టె గీయించి మరీ హెచ్చరిక వేయించింది.

అపోహ: "హాయిగా గురకపెడుతున్నాడు, పడుకోనీ."

వాస్తవం: పిలిచినా, భుజం పట్టి కుదిపినా లేవకుండా, గురక గరగరమంటూ మధ్యమధ్యలో ఆగిపోతూ, పెదాలు నీలంగా మారుతుంటే అది నిద్ర కాదు. 108కి కొట్టండి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఖాళీ స్ట్రిప్పులు కూడా ఆస్పత్రికి పట్టుకెళ్లండి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏదీ నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నలాక్సోన్ అని విరుగుడు ఇంజెక్షన్ ఉంది కానీ అది ఓపియాయిడ్‌కే, నిద్ర మాత్రకీ విస్కీకీ పనిచెయ్యదు.

ఇది చదివి, నెలల తరబడి వేసుకుంటున్న నిద్ర మాత్ర రేపట్నుంచే మానెయ్యకండి బాబూ, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఆ అబ్బాయి చేత కూడా సిరప్ పక్కన పెట్టించి, ట్రమడాల్ పేరు, ఆ స్ట్రిప్పు మీద మిగిలిన 'జోలామ్' తోక అదే కవరు మీద పెద్దక్షరాలతో రాసి, ఈ రాత్రి డోసు వేసేలోపు ఎముకల డాక్టర్‌కి ఫోన్ చెయ్యమని పంపా.